పదహారో పేజీ చుక్క

షాపు నుంచి,
నవంబర్ 6.

తమ్ముడికి,

చీమ బాగుంది. ముందు ఆ మాట రాయకపోతే మిగతాది చదవవని తెలుసు. కూతురికి ఇరవై నిండినా ఇంకా చీమేనా అని అడిగితే, పేరు పెట్టిన నువ్వే చెప్పాలి. నా ఇంట్లో పై గదిలో ఉంటోంది. పొద్దున్నే లేపక్కర్లేదు. నేను కిటికీ దగ్గర దండం పెట్టుకునే పది నిమిషాలూ చప్పుడు చేయకుండా మెట్ల మీద కూర్చుంటుంది. దేవుడి మీద భక్తి కాదులే. అత్త మీద మర్యాద.

ఫోన్ చేస్తే నేను 'ఊ' తప్ప ఏమీ అననని దెప్పావు. అందుకే ఈ ఉత్తరం. పైగా ఫోన్‌లో మాట్లాడితే మెట్లకు చెవులుంటాయి.

సంగతి ఇది. కాలేజీలో చివరి ఏడాది ఫీజు పెంచారు. పెంచారు అనేది చిన్న మాట. మొదటి ఏడాది మొత్తానికి కట్టినది ఇప్పుడు ఒక్క విడతకు చాలదు. చీమ నోటీసు తెచ్చి షాపులో నా కాగితాల కటింగ్ మిషన్ పక్కన పెట్టి, "నాన్నకు నేనే చెప్తాను అత్తా, నువ్వు చెప్పకు" అంది. రెండు వారాలైంది. చెప్పలేదు. మీ ఇంట్లో అందరూ అంతే, నోటి దాకా తెచ్చుకుని మింగేస్తారు.

నా దగ్గర కొంత ఉంది. మిషన్ మారుద్దామని దాచింది. పాత మిషన్ ఇంకా కోస్తోంది. నీకు అభ్యంతరం లేకపోతే ఈ విడత నేను కడతాను.

మరదలిని అడిగానని చెప్పు.

అక్క


స్టాఫ్ రూమ్,
నవంబర్ 13.

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి పోస్ట్‌మన్ నన్ను ఎగాదిగా చూశాడు. ఈ రోజుల్లో కోర్టు నోటీసు తప్ప చేత్తో రాసిన కవరు చూడలేదట. మా అక్క రాసిందయ్యా అంటే, "అయితే అంతకన్నా పెద్దదే సార్" అన్నాడు.

ఫీజు కట్టేశాను. నోటీసు తండ్రి పేరు మీద కూడా వస్తుందని మన చీమకు తెలియదు పాపం. మిషన్ డబ్బు ముట్టుకోకు. నా డిగ్రీకి నువ్వు నీ తొమ్మిదో క్లాసు ఇచ్చావు. నా కూతురి డిగ్రీకి మిషన్ ఇస్తే, దాని పిల్లల డిగ్రీకి షాపే రాసిస్తావు. ఎక్కడో ఒకచోట ఆగాలి కదా.

ఇక్కడ అంతా మామూలే. చరిత్ర డిపార్ట్‌మెంట్‌లో నేనొక్కడినే మిగిలాను కాబట్టి నేనే హెడ్డుని, నేనే తోకని. ఈ ఏడు నలుగురు చేరారు. అందులో ఒకడు గది తప్పి వచ్చాడు. ఫ్యాను కింద కూర్చున్నాక మళ్ళీ లేవబుద్ధి కాలేదట. మిగతా ముగ్గురి కన్నా వాడే శ్రద్ధగా వింటున్నాడు.

పిల్లలు అడుగుతుంటారు, "సార్, చరిత్ర చదివితే ఏమొస్తుంది?" అని. ఇరవై రెండేళ్ళుగా ఒకటే జవాబు చెప్తున్నాను. ఏం చెప్తానో ఈమధ్య నాకే గుర్తుండటం లేదు.

బెల్లు కొట్టారు. వెళ్ళాలి. చీమ రాత్రిళ్ళు ఎక్కువసేపు చదవకుండా చూడు. నీ మరదలు అడిగానంది.

తమ్ముడు


షాపు నుంచి,
ఫిబ్రవరి 2.

తమ్ముడికి,

చివరి ఏడాది పిల్లల ప్రాజెక్టు రిపోర్టుల కాలం వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ కాలేజీలన్నీ ఇక్కడి యూనివర్సిటీకే సమర్పించాలి కనుక, గేటు ముందున్న మా నాలుగు షాపులకూ ఊపిరి సలపదు. నల్ల అట్ట, వీపు మీద బంగారు అక్షరాలు, మూడేసి కాపీలు. మొదటి పేజీలో "ఇది నా సొంత కృషి, మరెవరిదీ కాదు" అని ఉంటుంది. కింద సంతకం. బల్ల మీద వాలి, ఫోన్ చెవికి పెట్టుకుని, చదవకుండా చేస్తారు.

చీమ కూడా తన రిపోర్టు రాస్తోంది. మొదటి ఏడాది తనతో చేరి ఇప్పుడు క్లాసులో లేనివాళ్ళ గురించి. పంతొమ్మిది మంది ఉన్నారట. ఫీజు పెరిగినప్పుడల్లా నలుగురైదుగురు. ఒక్కొక్కరు పనిచేసే చోటికి వెళ్ళి కూర్చుని మాట్లాడి వస్తోంది. చెప్పులు అరిగాయి. కొత్తవి కొనిచ్చాను. దానికి మాత్రం నీ అనుమతి అడగను.

ఇంకొక మాట. నాన్న షాపు నడిపిన రోజుల్లో నీకు అప్పజెప్పిన పని గుర్తుందా? కాగితాలు లెక్కపెట్టడం. పదహారు పేజీలకు ఒక ఫారం కాబట్టి, ప్రతి పదహారో పేజీ కింద, ఎడమ మూల, పెన్సిల్‌తో ఒక చుక్క. కుట్టేటప్పుడు తడబడకుండా. ఇప్పుడు విడి కాగితాలకు ఫారాలూ లేవు, చుక్కలూ అక్కర్లేదు. ఎవరూ పెట్టరు.

నిన్న పైఊరి నుంచి వచ్చిన ఒక రిపోర్టులో పదహారో పేజీ కింద చుక్క కనిపించింది. ముప్ఫై రెండులో ఒకటి. నలభై ఎనిమిదిలో ఒకటి. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. నాన్న చేయి గుర్తొచ్చింది.

అక్క


స్టాఫ్ రూమ్,
ఫిబ్రవరి 9.

అక్కకు,

ఇక్కడ అందరం బాగున్నాం. పరీక్షల హడావుడి.

చుక్కదేముంది అక్కా. పెన్సిల్ చేతిలో ఉన్నవాడు ఎక్కడో ఒకచోట ఆనిస్తాడు. అది పదహారో పేజీ కావచ్చు, పదిహేడో పేజీ కావచ్చు. నువ్వు అలాంటివి పట్టించుకుంటే పని సాగదు. బైండర్ అంకెలు చూడాలి గాని అక్షరాలు కాదని నాన్నే అనేవాడు కదా.

చీమ రిపోర్టు ఒక కాపీ నాకు పంపింది. బాగా రాసింది. అయితే కొంచెం కబుర్ల ధోరణిలో ఉంది. చూస్తాను.

తమ్ముడు


షాపు నుంచి,
ఫిబ్రవరి 20.

తమ్ముడికి,

నా ఉత్తరంలో ఎవరి పేరూ రాయలేదు. గుమ్మడికాయల దొంగ అనకముందే నువ్వు భుజాలు తడుముకున్నావు.

ఇప్పటికి పదకొండు వచ్చాయి. సబ్బుల అమ్మకం మీద ఒకటి. హోటల్ సిబ్బంది మీద రెండు. బ్యాంకు అప్పుల మీద మూడు. మిగతా అయిదూ వేరే వాటి మీద. పిల్లల ముఖాలు వేరు, కాలేజీలు వేరు. చుక్క ఒకటే.

నాన్న మాట ముప్ఫై ఏళ్ళు పాటించాను. ఏనాడూ అక్షరాలు చూడలేదు, నీ థీసిస్ ఒక్కటి తప్ప. మొన్న కూర్చుని ఈ పదకొండూ చదివాను. మంచి భాష. ప్రతి అధ్యాయం మొదట్లో ఒక ప్రశ్న. నువ్వు ఉత్తరం కూడా అలాగే మొదలుపెట్టేవాడివి, హాస్టల్లో ఉన్నప్పుడు.

మీ కాలేజీకి ఫోన్ చేశాను. చరిత్ర డిపార్ట్‌మెంట్ కావాలన్నాను. గుమస్తా మర్యాదస్తుడు. "అది పోయిన ఏప్రిల్‌లోనే ఎత్తేశారమ్మా, ఆ గదిలో ఇప్పుడు కంప్యూటర్లు పెట్టారు" అన్నాడు. సార్‌కి మీరేమవుతారు అని అడిగాడు. అక్కనని చెప్పాను.

స్టాఫ్ రూమ్ నుంచి రాస్తున్నానన్నావు. బెల్లు కూడా కొట్టించావు.

కోపం రాలేదు. రావాలేమోనని కాసేపు కూర్చుని చూశాను. జిగురు ఆరిపోతోందని లేచాను.

నిజం రాయి. పొడుగ్గా అక్కర్లేదు.

అక్క


జిరాక్స్ షాపు మేడ మీద నుంచి,
మార్చి 1.

అక్కా,

చిరునామా సరిగ్గా రాశాను, చూడు.

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన పిలిచారు. ప్రిన్సిపాల్ కుర్చీలోంచి లేచి నిలబడి చెప్పాడు, అంత గౌరవం ఇచ్చాడు. ఈ సబ్జెక్టులో ఎవరూ చేరడం లేదు, కట్టే ఫీజుకు తగిన ఉద్యోగం రాదని తల్లిదండ్రులు అంటున్నారు అన్నాడు. నిజమే, నేను కూడా ఒక తండ్రినే, నా కూతుర్ని చరిత్రలో చేర్చలేదు. ఆ మాట పైకి అనలేదు. శాలువా కప్పారు.

నలుగురు చేరారని రాశానే, అది అంతకు ముందు ఏడాది సంగతి. గది తప్పి వచ్చినవాడే చివరిదాకా ఉన్నాడు.

వేరే కాలేజీలన్నీ తిరిగాను. ఈ వయసులో, ఈ సబ్జెక్టుతో ఎవరు తీసుకుంటారు? గంటకింత అని పిలిచిన చోట ఆ డబ్బు బస్సుకే సరిపోయేది. నేను కాళ్ళు అరగదీస్తుంటే ఈ జిరాక్స్ షాపాయన, ఒకప్పుడు నా విద్యార్థే, పైకి పిలిచి కుర్చీ వేశాడు. "సార్, పిల్లలు రిపోర్టులు రాసిచ్చేవాళ్ళు కావాలని అడుగుతున్నారు. మీరు రాస్తే నిలబడుతుంది" అన్నాడు. మొదట చీదరించుకుని కిందికి దిగిపోయాను. ఆ వారమే చీమ ఫీజు నోటీసు వచ్చింది. మళ్ళీ మెట్లెక్కాను.

ఒక్క మాట చెప్పనీ. ఇరవై రెండేళ్ళు పాఠం చెప్తే వినకుండా కిటికీలోంచి చూసిన పిల్లలు, ఇప్పుడు నేను రాసిన ప్రతి వాక్యానికీ డబ్బు ఇస్తున్నారు. వాళ్ళని తిట్టలేను. వాళ్ళ కాలేజీల్లో చెప్పేవాళ్ళు లేరు, లైబ్రరీకి తాళం. పట్టా కోసం ఇంత కట్టాక, ఇంకొంచెం కట్టి ఒడ్డున పడదామనుకుంటారు. మార్కులు కూడా బాగా వస్తున్నాయట. నా థీసిస్‌కు రాని మార్కులు.

నీ మరదలికి చెప్పలేదు. కానీ ఆవిడకు మొదటి వారమే తెలిసిపోయింది. చొక్కా ఉతికేటప్పుడు చాక్‌పీసు పొడి లేదు కదా. అడగలేదు. రోజూ తొమ్మిదింటికి క్యారేజీ కట్టి ఇస్తుంది. నేను సంచి తగిలించుకుని వస్తాను. ఇద్దరం చాలా బాగా నటిస్తున్నాం.

చుక్కలు నేను పెడుతున్నానని నాకు తెలియదు అక్కా. నీ ఉత్తరం చూశాక, కింద ప్రింట్ తీసిన కాగితాలు లెక్కపెడుతూ నా చేతిని నేనే గమనించాను. పదహారు రాగానే దానంతట అదే వంగింది.

చీమకు చెప్పకు. ఇంకో మూడు నెలలు. ఆ పట్టా ఒక్కటి చేతికొస్తే చాలు.

తమ్ముడు


షాపు నుంచి,
మార్చి 6.

తమ్ముడికి,

చదివాను.

ఆ పదకొండూ బైండ్ చేసి ఇచ్చేశాను. తెలియక చేసినవి కొన్ని, తెలిసి చేసినవి కొన్ని. ఏవి ఎన్నో నాకు తెలుసు, దేవుడికి తెలుసు. పన్నెండోది నిన్న వచ్చింది. పక్క షాపుకు వెళ్ళమన్నాను. "ఏమైంది ఆంటీ, అట్టలు అయిపోయాయా?" అని అడిగింది ఆ అమ్మాయి. అవునన్నాను. వెనక అట్టలు గుట్టగా కనిపిస్తున్నాయి.

నా తొమ్మిదో క్లాసు ఊసు ఇంకెప్పుడూ ఎత్తకు. నాన్న చేతికి వణుకు వచ్చింది, ఎవరో ఒకరు సూది పట్టాలి. నీకోసమని మానలేదు. నువ్వు చదివావు, సంతోషించాను. అంతవరకే.

చీమ రిపోర్టును మాస్టారు తిప్పి పంపాడు. పట్టిక ఒక్కటీ లేదు, ఇది రిపోర్టు కాదు, ముచ్చట్లు అన్నాడట. పద్దెనిమిదో తేదీలోగా సరిచేసి ఇవ్వాలి. లేకపోతే ఏడాదంతా మళ్ళీ చదవాలి, పెరిగిన ఫీజుతో. గోరుచుట్టు మీద రోకటిపోటు. పిల్ల రెండు రోజులుగా నా బల్ల మీద అంచులు కత్తిరిస్తోంది, చెప్పకుండానే.

నేను చెప్పను. కానీ అడిగితే అబద్ధం చెప్పను. అది నువ్వు తెలుసుకుని ఉండు.

అక్క


జిరాక్స్ షాపు మేడ మీద నుంచి,
మార్చి 11.

అక్కా,

ఈ పార్సిల్‌లో నూట నలభై నాలుగు పేజీలున్నాయి. చీమ రిపోర్టు. దాని విషయమే, దాని ఆలోచనే. నేను కాస్త చక్కబెట్టాను. పట్టికలు, శాతాలు, రంగుల గీతలు అన్నీ ఉన్నాయి. ఏ మాస్టారూ తిప్పి పంపలేడు.

మొదటి పేజీలో దాని పేరు వేశాను. నల్ల అట్ట వేసి, మూడు కాపీలు చేసి దాని చేతిలో పెట్టు. నాన్న కొంచెం దిద్దాడని చెప్పు. ఏ తండ్రీ దిద్దడా?

ఇంకో ఏడాది ఫీజు నావల్ల కాదు అక్కా. నీ మిషన్ అమ్మినా కాదు. ఊళ్ళో వాళ్ళ పిల్లలందరికీ రాసిచ్చి, నా పిల్ల ఒక్కదాన్నే నీతి కోసం ముంచమంటావా?

తమ్ముడు


షాపు నుంచి,
మార్చి 19.

తమ్ముడికి,

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పార్సిల్ వచ్చింది. విప్పాను. చీమ రాసిన పంతొమ్మిది మంది అందులో లేరు. నూట యాభై మంది ఉన్నారు. ఒక్కరికీ ముఖం లేదు. "ఆర్థిక కారణాల వల్ల, ముప్ఫై ఎనిమిది శాతం." నువ్వు ఎవరినీ కలవలేదు. కుర్చీలోంచి లేవకుండా నూట యాభై మందిని పుట్టించావు.

రెండు రోజులు దాన్ని బల్ల కింద పెట్టాను. చెప్పనూ లేదు, వెనక్కి పంపనూ లేదు. పొద్దున్న కిటికీ దగ్గర కూర్చున్నాను గాని ఏం అడగాలో తోచలేదు. ఊరికే కూర్చుని లేచాను. అది నా తప్పు. నీకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

మూడో రోజు గుడ్డ ముక్క కోసం బల్ల కింద చేయి పెట్టి తనే లాగింది. పేరు చూసింది. తిప్పుకుంటూ పోయి పదహారో పేజీ దగ్గర ఆగింది.

"అత్తా, ఇవి నాన్న చుక్కలు."

"ఊ."

"నా నోట్సులన్నిటిలోనూ ఉండేవి. అట్టలు వేసేటప్పుడు పెట్టేవాడు."

"ఊ."

"ఊ అనకత్తా. ఇది ఫోన్ కాదు."

సూది పక్కన పెట్టాను. అడిగింది, చెప్పాను. ఉద్యోగం పోయి ఎన్నాళ్ళయిందంటే పదకొండు నెలలన్నాను. నా ఫీజు ఎక్కణ్ణించి వచ్చిందంటే, ఇలాంటివి రాసి అన్నాను. అమ్మకు తెలుసా అంటే, చొక్కాల సంగతి చెప్పాను. అక్కడ ఒక్కసారి నవ్వింది. నవ్వులాంటిది.

వీధిలో ఎవరో బండి వెనక్కి తీస్తున్నారు. అది పూర్తయ్యేదాకా ఇద్దరం దాన్నే విన్నాం.

"అయితే నేను ఇరవయ్యోదాన్ని కావాల్సింది" అంది.

"కాలేదు కదా."

"నాన్న కానివ్వలేదు."

"ఊ" అన్నాను. ఈసారి తను తప్పుపట్టలేదు.

ఏం చేస్తావని అడగలేదు. రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి, అట్టలు కోయడానికి లేచాను. ఏ కట్ట ఇస్తే ఆ కట్టకు వేద్దామనే లేచాను, తమ్ముడూ. దేవుడి సాక్షిగా, నీ కట్ట ఇచ్చినా వేసేదాన్ని. నాకు అంత బలం లేదు.

తను కుర్చీ లాక్కుని ఒక కాగితం మీద గీతలు కొట్టింది. పంతొమ్మిది వరసలు. ఎప్పుడు చేరారు, ఏ నెలలో మానేశారు, ఆ నెల ఫీజు ఎంత పెరిగింది, ఇప్పుడేం చేస్తున్నారు. ఒక్కటే పట్టిక. "సారు పట్టిక అడిగాడు, ఇదిగో పట్టిక" అంది. సొంత కట్ట నా చేతికిచ్చింది.

మొదటి పేజీలో సంతకం చేసే ముందు "ఇది నా సొంత కృషి" అన్న ఆ నాలుగు వాక్యాలూ మొత్తం చదివింది. ఈ బల్ల మీద ఆ పేజీ చదివి సంతకం పెట్టిన మనిషిని చూడటం ఇదే మొదటిసారి.

నిన్న ఇచ్చి వచ్చింది. మాస్టారు తీసుకున్నాడు. తిప్పి చూసి దొంతర మీద పెట్టాడట. పాసవుతుందో లేదో తెలియదు.

నీ కాగితాలు పారేయలేదు. పుస్తకం వీపుకు లోపల అతికించే కాగితం గట్టిగా ఉండాలి, లేకపోతే నాలుగుసార్లు తెరిచేసరికి విడిపోతుంది. నీవి మంచి కాగితాలు. పొడుగ్గా చీల్చి మూడు కాపీలకూ వీపులో వేశాను. బయటికి కనబడవు. చీమే జిగురు రాసింది.

తన దగ్గర ఉంచుకోవాల్సిన మూడో కాపీ నీకు పంపమంది. పంపుతున్నాను. తెరిచి చూడు.

అందులో చుక్కలు నేను పెట్టినవి కావు.

అక్క


ఇంటి నుంచి,
మార్చి 27.

అక్కా,

అందింది.

నూట పన్నెండు పేజీలు. ఏడు చుక్కలు. చివరిది కొంచెం పక్కకు జరిగింది. చేతికి అలవాటు లేదు కదా.

మూడుసార్లు చదివాను. పన్నెండో మనిషి, పార్సిళ్ళు తూకం వేసే అబ్బాయి, "నేను చదువు మానలేదండీ, చదువే నన్ను దాటి వెళ్ళిపోయింది" అన్నాడని రాసింది. దాన్ని నేను తీసేశాను, నా దాంట్లో. కబుర్ల ధోరణి అని.

నీ మరదలికి చెప్పాను. "తెలుసు" అంది. నీకు తెలుసని నాకూ తెలుసన్నాను. తర్వాత ఇద్దరం భోంచేశాం. మర్నాడు తొమ్మిదింటికి క్యారేజీ కట్టింది. ఎక్కడికని అడగలేదు. నాకూ తెలియదు గాని సంచి తగిలించుకున్నాను.

మేడ మీద ఒక కుర్రాడు కాచుకుని ఉన్నాడు. హోటళ్ళ మీద కావాలట. రాసివ్వను, కూర్చోబెట్టి రాయిస్తాను, వారం పడుతుంది అన్నాను. "అంత టైము లేదు సార్" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. వెళ్ళిపోయాడు. జిరాక్స్ షాపాయన కుర్చీ ఇంకా తీసేయలేదు. ఏం చెయ్యాలో తెలియక అందులోనే కూర్చుని చీమ రిపోర్టు మళ్ళీ చదివాను.

చీమతో మాట్లాడాలని ఫోన్ తీశాను. నాలుగుసార్లు. ఏం చెప్పాలి అక్కా?

తమ్ముడు


షాపు నుంచి,
జూన్ 14.

తమ్ముడికి,

ఫలితాలు ఇచ్చారు. పాసైంది. రిపోర్టుకు పాసు మార్కులు, పైన రెండు. నీ పదకొండులో తొమ్మిదింటికి డిస్టింక్షన్ వచ్చిందని, వాళ్ళే స్వీట్లు పంచుతూ చెప్పి వెళ్ళారు. నాకూ ఒకటి ఇచ్చారు. తిన్నాను.

పట్టా ఇంకా రాలేదు. దానికి వేరే ఫీజు ఉందట. అది నేను కట్టాను. నోరెత్తకు.

మూడు చోట్ల ఇంటర్వ్యూకు వెళ్ళింది. మార్కులు చూసి, ఇంకేమైనా కోర్సు చేశారా అని అడుగుతున్నారు. ఒకచోట రిపోర్టు తెరిచిన ఆవిడ పట్టిక దాకా చదివి, "వీళ్ళందరినీ నిజంగా కలిశావా?" అందట. కలిశానంది. కబురు చేస్తామన్నారు. చేస్తారో లేదో. నేను ఆశ పెట్టుకోలేదు, తీసేయనూ లేదు.

అంతదాకా పొద్దునపూట షాపులో ఉంటోంది. నేను ఇప్పుడు అక్షరాలు కూడా చూసి అట్ట వేస్తున్నాను. పని నెమ్మదించింది. పక్క షాపు వాళ్ళు బాగున్నారు.

నువ్వు ఫోన్‌లో ఏం చెప్పాలని అడిగావు. ఏమీ చెప్పక్కర్లేదు. అది మాట్లాడుతుంది, నువ్వు ఊ అను. ఎలాగో నేను నేర్పుతాను.

నిన్న ఒక లావుపాటి కట్ట వచ్చింది. లెక్కపెట్టడానికి కూర్చుంది. చేతిలో పెన్సిల్. ఇప్పుడు ఎవరూ పదహార్లు చూడరే, చుక్కలు అక్కర్లేదే అన్నాను.

"ఊ" అంది.

పెట్టింది.

అక్క